నీలం దీపం

సర్వర్లకు ఊపిరి పోసేదీ తీసేదీ ఆమే కాబట్టి ఆఫీసులో అందరూ యమక్క అనేవారు. ఆ పొద్దున ఆసుపత్రిని నడిపే రెండు సర్వర్లలో ఒకటి బిగుసుకుపోయింది. ఇంట్లోంచి కమాండ్ మీద కమాండ్ కొట్టింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. ఆపమన్నా, లేపమన్నా అది వినలేదు. మనుషులు గుర్తుపట్టడానికి దాని ముఖాన నీలం దీపం వెలిగించే కమాండ్ ఒక్కటే పారింది. సర్వర్ల గదికి కాపలా ఉండే మరిదికి ఫోన్ చేసింది.

"నీలం దీపం వెలుగుతున్నదాని కరెంటు వైరు పీకెయ్, నాయనా."

"పీకేశా వదినా."

తెర మీద బిగుసుకున్నది అలాగే ఉంది. ఆసుపత్రిని అప్పటిదాకా ఒంటిచేత్తో మోస్తున్న పక్క సర్వర్ ఆరిపోయింది. నిన్న పరీక్షకని దాని దీపం వెలిగించి, ఆర్పడం మరిచింది తనే.

"ఇంకోదానికీ వెలుగుతోంది వదినా," అన్నాడు మరిది. "అదీ పీకనా?"