కత్తి కొనడానికి కత్తులమ్మిన హన్మవ్వ

నిజాంసాగర్ కట్ట కట్టింది మా అవ్వ. ఇంజనీర్లు కట్టారనీ, సర్కారు కట్టిందనీ ఎవరైనా చెబితే నమ్మకండి. మంజీర అక్కడ బుద్ధిగా ఆగి, కాలువలో పడి బాన్సువాడ పొలాలకు పోతున్నదంటే అది మా అవ్వ హన్మవ్వ సుత్తెకు భయపడే.

ఇంత మాట అన్నాక కొంచెం నిజం కూడా చెప్పాలి. కట్ట పని నడిచేటప్పుడు రాళ్లు కొట్టేవాళ్ల ఉలులు పొద్దున పదునుగా ఉంటే మధ్యాహ్నానికి మొద్దుబారేవి. వాటిని కాల్చి మళ్లీ మొన తీయడానికి చుట్టుపక్కల కమ్మరులను పిలిచారు. ఎల్లారెడ్డి నుంచి మా తాత పోయాడు, వెంట మా నాయనమ్మ హన్మవ్వ పోయింది. మేమంతా ఆమెను అవ్వ అనే పిలుస్తాం. తాతది సుత్తె, అవ్వది సమ్మెట. అక్కడి చలిజ్వరం తాతను తీసుకుపోయింది. అవ్వ ఒక చేత మా నాయినను, ఇంకో చేత తాత సుత్తెను పట్టుకుని ఎల్లారెడ్డికి తిరిగొచ్చి, తాత కూర్చునే చోటనే కొలిమి ముందు కూర్చుంది. ఆడమనిషి దాగలి దిమ్మె ముందు కూర్చునుడేందని ఊరు గొణిగింది. వానలు పడి నాగలి కర్రులు మొద్దుబారగానే గొణుగుడు మానేసి అందరూ వరుసలో నిలబడ్డారు.

మనిషి పొట్టి. భుజాలు మాత్రం పహిల్వాన్‌వి. నిప్పురవ్వ తగిలి ఎడమ కనుబొమ్మ కాలిపోయింది, మళ్లీ మొలవలేదు. అందుకని ఎవరేం చెప్పినా నమ్మనట్టే కనబడుతుంది. కత్తి పదును చూడటానికి తన ముంజేతి వెంట్రుకలే గీకుతుంది కాబట్టి ఆ చెయ్యి ఏటిరాయిలా నున్నగా ఉంటుంది. ఇనుము ఎంత కాలితే చాలో రంగు చూసి చెప్పగల మనిషికి పప్పు ఎంత ఉడికితే చాలో ఇప్పటికీ తెలియదు. ఆమె వండిన పప్పు తిన్నవాళ్లంతా ఆమె కత్తులనే ఎక్కువ మెచ్చుకుంటారు.

అవ్వకు ఒక చెల్లె ఉండేది, భూదవ్వ. కామారెడ్డికి ఇచ్చారు. అవ్వ రోజంతా మాట్లాడే మాటలు భూదవ్వ ఒక్క ఊపిరిలో మాట్లాడేదట. బతుకమ్మ ఆడేటప్పుడు ఆమె పాట ఎత్తుకుంటే పక్క వాడల వాళ్లు కూడా పువ్వులు పట్టుకుని వచ్చేవాళ్లు. అట్లాంటి మనిషికి బుగ్గ లోపల రాచపుండు పుట్టింది. మొదట పాట పోయింది, తర్వాత మాట, తర్వాత ముద్ద మింగుడు. నాటువైద్యం, పసరు, మొక్కులు అన్నీ అయ్యాక కామారెడ్డిలో ఉన్న అబ్రాహాము డాక్టరు దగ్గరికి తీసుకుపోయారు. ఆయన చిన్న దవాఖానా నడిపే మంచి మనిషి, లేని ఆశ చెప్పడం చేతకానివాడు.

"అమ్మా, చాలా ఆలస్యమైంది. నేనిప్పుడు నొప్పి తగ్గించగలను, అంతే" అన్నాడు. ఇంకో మాట కూడా అడిగాడు. ఇట్లాంటి పుండ్లు ఈ తాలూకాలలో ఎందరికి వస్తున్నాయో, ఎట్లా మొదలవుతున్నాయో ఆయన తెలుసుకోవాలనుకుంటున్నాడు. ఆ పుండు నుంచి చిన్న తునక తీసి దాచుకోనిస్తే దాన్ని పరీక్ష చేసి, తెలిసింది పెద్ద డాక్టర్లకు రాస్తాడట. ఇంకొకరికి ముందుగానే గుర్తుపట్టే దారి దొరకవచ్చట.

భూదవ్వ మొగుడు వద్దన్నాడు. మాట పోయిన భూదవ్వ మా అవ్వ చెయ్యి పట్టుకుని, తన బుగ్గ మీద పెట్టుకుని, డాక్టరు వైపు చూసి తల ఊపింది. తీసుకొమ్మని. ఆ వానాకాలంలోనే పోయింది.

దినాలు కాగానే అవ్వ కామారెడ్డి పోయి డాక్టరు ముందు నిలబడింది.

"సారూ, నా చెల్లెది చూసినవా? ఏమున్నదండ్ల?"

డాక్టరు అలమారలోంచి ఒక సీస తీసి చూపించాడు. మందునీళ్లలో చింతగింజంత తునక. "ఇంకా చూడలేదమ్మా. చూడాలంటే దీన్ని ఉల్లిపొర కంటే పల్చగా కోయాలి. అప్పుడు గాజుపలక మీద పెట్టి, చిన్నదాన్ని పెద్దగా చూపే దుర్బిణిలో చూడాలి. దుర్బిణి ఉంది. అట్లా కోసే కత్తి యంత్రం లేదు. బొంబాయి నుంచి తెప్పించాలి, దానికి పైసలు లేవు. ఎక్కువ కాలం ఉంచితే ఇది కూడా పాడైపోతుంది."

అవ్వ కాలిన కనుబొమ్మ పైకి లేచే ఉంటుంది. "కత్తికి బొంబాయి పోవుడేంది? నేను లేనా?"

ఇంటికొచ్చి అరిగిపోయిన ఆకురాయి ఉక్కు నుంచి ఒక అలుగు, అంటే పిడి లేని కత్తిరేకు, సాగదీసింది. కాగితమంత పల్చన. మా నాయిన తిత్తి ఊదుతూ, "అవ్వా, ఇగ సాలు, గాలికి ఎగిరిపోతది" అన్నాడట. దాన్ని గుడ్డలో చుట్టుకుని మోటరెక్కి కామారెడ్డి పోయింది. డాక్టరు గొర్రె కార్జం ముక్కను మైనంలో గట్టిచేసి, "దీన్ని కోసి చూద్దాం" అన్నాడు. కోస్తే కార్జం పొడి పొడి అయింది. ఇంకో అలుగు చేసింది. అది నీళ్లలో ముంచగానే వంకర పోయింది. మరొకటి కోసింది గాని, డాక్టరు దుర్బిణిలో చూసి, పొలం దున్నినట్టుందని అన్నాడు. అవ్వ సగం రోజు అలిగింది. తర్వాత ఆమె అన్న మాట మా నాయిన ఇప్పటికీ చెబుతుంటాడు.

"నాతోని కాదు. గని నాతోని అయ్యే కత్తులమ్మి ఆ కత్తి కొందాం."

అట్లా మొదలైంది. ఎల్లారెడ్డి చుట్టుపక్కల కొలుములన్నీ తిరిగింది. "నా చెల్లె బుగ్గ సీసల ఉన్నది. అది పాడుకాకముందు చూడాలె. తలా ఒక కత్తి దానమియ్యుండ్రి, హర్రాజు పెడ్తం" అన్నది. కమ్మరులు ఒప్పుకున్నారు. ఒప్పుకోకుంటే వాకిట్లోంచి కదలదని వాళ్లకు తెలుసు. ఒప్పుకున్నాక మాత్రం ఒకరికంటే ఒకరు బాగా చేశారు. కత్తిపీటలు, కొడవళ్లు, చాకులు, కల్లుగీత కత్తులు. ఒకాయన చాకు పిడికి ఇత్తడి నెమలి పొదిగాడు. అవ్వ చేసిన కత్తిపీట మీద పూలూ లేవు, నెమళ్లూ లేవు. నేనడిగితే "తెగుతది గద" అంటుంది.

ఎల్లారెడ్డి అంగడి రోజు బల్ల వేసి కత్తులు పరిచారు. అబ్రాహాము డాక్టరు డబ్బా పట్టుకుని నిలబడి, ఈ పైసలు దేనికో చెప్పి వేలం మొదలుపెట్టి, "మొదటి మాట ఎవరిది?" అన్నాడు. జనం బాగానే వచ్చారు. భూమేశ్ అనే రైతు ముందుకొచ్చి అవ్వ చేసిన కత్తిపీట తీసుకున్నాడు. బొటనవేలితో పదును చూశాడు. "మంచిగ కుదిరింది అవ్వా" అని భుజాన పెట్టుకుని నడిచాడు.

"అయ్యా, పైసలు?" అన్నాడు డాక్టరు.

భూమేశ్ నిజంగానే ఆశ్చర్యపోయాడు. "పైసలేంది సారూ? నేను మేర పెడ్తలేనా? మా బాపు పెట్టిండు, మా తాత పెట్టిండు. యాసంగి జొన్నలు పోయినేడు కూడ నిండుగ కొలిసిన. అడుగు అవ్వను."

అవ్వ ఏమంటుంది? నిజమే గదా. మా దిక్కు కమ్మరికి రైతు పైసలివ్వడు. పంట కల్లంలో ఉండగానే మేర అని ధాన్యం కొలిచి పెడతాడు, ఏడాది పొడుగునా కర్రూ, కొడవలీ, కత్తీ అన్నీ ఆ కమ్మరే చేసిపెట్టాలి. కమ్మరి కత్తికి ధర ఉంటుందని రైతుకూ తెలియదు, చెప్పాలని కమ్మరికీ తోచలేదు. డాక్టరు పక్క ఊరి మనిషి కూడా కాదు, ఆయనకేం తెలుస్తుంది?

భూమేశ్‌ను చూసి తక్కినవాళ్లు కదిలారు. "నా కొడవలేదే హన్మవ్వా? ఎప్పటిసంది అడుగుతున్న!" అని ఒకరు. "ఈ నెమలిది మా కొలిమిదే, మా ఆడోళ్లకు ఇస్త" అని ఇంకొకరు. అందరూ మర్యాదగా దండం పెట్టి, డాక్టరు సారు మంచిపని చేస్తున్నాడని మెచ్చుకుని, కత్తులు తీసుకుని ఇండ్లకు పోయారు. బల్ల మీద గుడ్డ మిగిలింది. డబ్బాలో డాక్టరు ముందుగా తానే వేసిన నిజాం హాలీ రూపాయి ఒక్కటే మోగుతున్నది.

డాక్టరు బల్ల మీద కూలబడ్డాడు. "దొంగతనం కదమ్మా ఇది?"

"అట్లనకు సారూ. వాళ్లది తప్పు లేదు. మా ఊరి కత్తులు మా ఊర్లెనే పెట్టిన, నాదే తెలివి తక్కువ."

ఆ మాట అంటుండగానే ఆమెకు ఉపాయం తట్టిందట. భూమేశ్‌కు ఎల్లారెడ్డి కత్తి మీద హక్కుంది. కామారెడ్డి కత్తి మీద లేదు. కామారెడ్డి రైతుకు ఎల్లారెడ్డి కత్తి మీద లేదు. అక్కడివి ఇక్కడ, ఇక్కడివి అక్కడ పెడితే కొనక తప్పదు.

కాని కులంలో దానికి మించిన తప్పు లేదు. ఒక కమ్మరి మేర ఉన్న ఊళ్లో ఇంకో కమ్మరి ఇనుము అమ్మకూడదు. అమ్మితే దండుగ కట్టాలి, పెండ్లిళ్లకు పిలవరు. మా నాయినకు అప్పుడు సంబంధాలు చూస్తున్నారు కూడా. అయినా అవ్వ కామారెడ్డి పోయి, అక్కడి కమ్మరుల పెద్ద ముత్తయ్య ఇంట్లో కులపోళ్లందరినీ కూర్చోబెట్టింది.

ముత్తయ్య తంబాకు నలుపుతూ విన్నాడు. "చెల్లె, నీ దుఃఖం నాకెర్కే. గని నా ఊర్లె నీ కత్తి పెడితివనుకో, రేపు అది మొద్దుబారితది. నా రైతు దాన్ని పట్టుకుని నీ దగ్గరికే వస్తడు. వచ్చినోడు కర్రు కూడ ఆడనే చేపిచ్చుకుంటడు. అప్పుడు నా కల్లం కాడ నాకేముంటది? పొట్టు."

"నా దగ్గరికి ఎందుకొస్తడే అన్నా?"

"కత్తి నీదైనంక నీ దగ్గరికి రాక యాడికి పోతడు?"

 "కత్తి నాది, నూరుడు నీది" అన్నది అవ్వ. "హర్రాజుల కొన్న కత్తిని చేసినోడు మళ్ల ముట్టొద్దు. కొన్నోని ఊరి కమ్మరే నూరాలె. ఎల్లారెడ్డిల నీ కత్తిని నేను నూరుత. నా దగ్గరికి నీ రైతొస్తే, ముత్తన్న దగ్గరికి పో అని ఎల్లగొడ్త. ఎల్లగొట్టకపోతే నా కొడుక్కు పిల్లనియ్యకుండ్రి."

ఎవరో వెనక నుంచి, "ఇప్పుడు మాత్రం ఎవలిస్తున్నరే!" అన్నారు. నవ్వులు లేచాయి. ముత్తయ్య కూడా నవ్వాడు. నవ్విన మనిషి కాదనలేడు. పైగా ఆయన తల్లి కూడా ఇట్లాంటి పుండుతోనే పోయిందని అప్పుడు చెప్పాడు. అంతవరకు ఎవరికీ చెప్పలేదట.

కమ్మరులు మళ్లీ కత్తులు చేశారు. కామారెడ్డి అంగట్లో "ఎల్లారెడ్డి ఇనుమట!" అని జనం విరగబడ్డారు. ఇద్దరు పాలోళ్లు, దాయాదులే, ఒకరి మీద ఒకరు పంతానికి పోయి ఒక చాకుకు మేకపిల్ల ధర పెట్టారు. ఎల్లారెడ్డిలో ముత్తయ్య కత్తిపీటకు అందరికంటే పెద్ద పాట పాడిందెవరో చెప్పనా? భూమేశే.

అవ్వ నడుము మీద చేతులు పెట్టుకుని అడిగింది. "ఏందిరా, నేను చేసింది తెగుతలేదా?"

"మస్తు తెగుతున్నదవ్వా. గని అది ఎట్లయినా నాదే గద. ఇది కామారెడ్డిది!"

బొంబాయి నుంచి యంత్రం రైలులో కామారెడ్డి స్టేషనుకు వచ్చిన రోజు అవ్వ కొలిమి చల్లార్చి పోయింది. పెట్టె విప్పగానే ముందు ఆ కత్తినే చూసింది. ముంజేతి మీద పెట్టుకోబోతే డాక్టరు గట్టిగా అరిచాడట. దాన్ని వెలుతురుకు పట్టుకుని ఎంతోసేపు తిప్పి తిప్పి చూసి, "ఎవడో మొనగాడు చేసిండు" అన్నది. అవ్వ నోటితో ఇంకొకరి కత్తిని మెచ్చుకోవడం మా ఇంట్లో అదే మొదలు, అదే చివర. ఇంటికొచ్చిన వాళ్లందరికీ ఆ సంగతి ఇప్పటికీ తన గొప్ప లెక్కనే చెప్పుకుంటుంది.

డాక్టరు సీస తెరిచాడు. భూదవ్వ తునక పాడుకాలేదు. మైనంలో బిగించి పొర తీస్తుంటే అవ్వ కదలకుండా నిలబడింది. రంగు వేసి, గాజుపలక మీద పరిచి, దుర్బిణిలో ముందు తను చూసి, తర్వాత అవ్వను పిలిచాడు. అవ్వ ఒక కన్ను మూసి చూసింది. ఏం కనబడిందని నేను ఎన్నిసార్లు అడిగినా, "చుక్కలు. చానా చుక్కలు. ఒక్క తీరుగ లేవు" అంటుంది. అప్పుడు ఏడ్చిందా అని అడిగితే కొలిమిలో బొగ్గులు కదుపుతుంది. ఏడ్చిందని డాక్టరు మా నాయినతో చెప్పాడు.

ఆ తర్వాత ఆ యంత్రం మీద ఎందరివో తునకలు కోశారు. పుండు మొదట్లో ఉన్నవాళ్లను కొందరిని డాక్టరు గుర్తుపట్టి పట్నం పెద్ద దవాఖానాకు పంపాడు. అందులో ఒకామె బతికి బట్టకట్టి, పోయిన దసరాకు మా ఇంటికి బచ్చలికూర తెచ్చింది. గాజుపలకలు కొనాలి, మందునీళ్లు కొనాలి కాబట్టి హర్రాజు ఆగలేదు. దేశాల మధ్య లడాయి వచ్చి ఇనుము దొరకకుండా పోయినప్పుడు అవ్వ విరిగిన బండిచక్రాల పట్టాలు అడుక్కొచ్చి కత్తులు చేసింది. అన్నమాట ప్రకారం, తన కత్తి పట్టుకుని కామారెడ్డి నుంచి వచ్చిన రైతులను ఈనాటికీ వాకిట్లోంచే ఎల్లగొడుతుంది. మా నాయినకు పిల్లనిచ్చింది ఎవరంటారా? ముత్తయ్యే. ఆయన బిడ్డే మా అమ్మ.

ఇదంతా రాసి నిన్న అవ్వకు చదివి వినిపించాను. నేను ఉర్దూ బడిలో మూడో తరగతి దాకా, తెలుగు మా మేనమామ దగ్గర సగం దాకా చదువుకున్నదాన్ని కాబట్టి అక్కడక్కడ తడబడ్డాను. అవ్వ కొడవలికి పళ్లు పెడుతూ విన్నది. నిజాంసాగర్ దగ్గర కూడా నవ్వలేదు. నేను చాలించాక సుత్తె ఆపింది.

"ఆ పుండుకు మందు దొరికిందని రాసినవా?"

"ఇంకా దొరకలే గద అవ్వా."

"మరెందుకు తొందరపడ్డవ్ పోరీ? దొరికినంక రాయకపోయినవా!"