తాతగారి చంకలో రక్తపు గొట్టం

ఆసుపత్రి రక్తపరీక్షల గదిలో ఆవిడను అందరూ చుక్కలక్క అంటారు. పొద్దస్తమానం కంప్యూటర్ తెర మీద చుక్కలు చూడటమే ఆవిడ ఉద్యోగం. ఇంట్లో అత్తగారు మాత్రం, "ఎదురుగా ఉన్న ఉప్పు డబ్బా కనిపించదు గానీ, కంటికి ఆననివి వెతకడానికి జీతమిస్తున్నారట" అని దెప్పుతుంటారు. "ఉప్పు డబ్బాకీ మెరిసే రంగు పూస్తే కనిపిస్తుంది అత్తయ్యా" అంటూ చుక్కలక్క చెప్పుల్లో కాళ్లు దూరుస్తుంది.

ఆ రంగు మాట నిజమే. నెత్తురు గడ్డకట్టాలంటే ప్లేట్‌లెట్లనే బుల్లి కణాలు ఒకదాన్నొకటి పట్టుకోవాలి. అందుకు వాటి ఒంటి మీద ఒక ప్రోటీన్ ఉంటుంది, రెండు ముక్కలు కలిసిన జంట. ఆ జంటను తప్ప మరి దేన్నీ ముట్టని మోనోక్లోనల్ యాంటీబాడీకి రంగు తగిలించి రక్తంలో కలుపుతారు. జంట ఉంటే అది పోయి అతుక్కుంటుంది, చుక్కలు మెరుస్తాయి. లేకపోతే చీకటే. ప్రతి పరీక్షకూ ఆరోగ్యంగా ఉన్నవాళ్ల రక్తం ఒకటి తోడు పెట్టాలి. ఆ తోడు ఎప్పుడూ చుక్కలక్కదే. మీట నొక్కే ముందు క్షణం కళ్లు మూసుకుని, "స్వామీ, ఉన్నది ఉన్నట్టు చూపించు" అనుకోవడం కూడా ఆవిడ పనిలో భాగమే.

ఆ రోజు ఒక ఆరేళ్ల పిల్ల రక్తం వచ్చింది. ఊరికే ముక్కు వెంట నెత్తురు కారుతోంది. టాన్సిల్స్ తీయాల్సి ఉంది. ఆ ప్రోటీన్ లేదని తేలితే కత్తి పెట్టడమే గండం, ఆపైన బతుకంతా చిన్న దెబ్బకూ భయపడాలి.

తోడు రక్తం తళతళలాడింది. పిల్లది చీకటి. మళ్లీ పెట్టినా అంతే.

ఆ కబురు డాక్టరుగారికి చెప్పడానికి బరువుగా కదిలింది చుక్కలక్క. వరండా బల్ల మీద పిల్ల, పక్కన తాతగారు. ఆయన చొక్కాలోకి చెయ్యి పోనిచ్చి చంకలోంచి పాలసీసా తీశాడు.

"చల్లారితే ముట్టదమ్మా ఈ మహారాణి" అన్నాడు. "మీ రక్తపు గొట్టాన్నీ ఇలాగే కాచుకొచ్చా. చల్లటి చోట పెట్టొద్దని నర్సమ్మ చెప్పిందిగా. మీ గది తలుపు తీసేదాకా చెయ్యి ఎత్తితే ఒట్టు."

చుక్కలక్క అక్కడే ఆగిపోయింది. ఫ్రిజ్‌లో పెట్టొద్దని వార్డులన్నిటికీ చెప్పింది తనే. వేడి తగలనివ్వొద్దని మాత్రం చెప్పలేదు. రక్తం గడ్డకట్టకుండా ఊదామూత గొట్టంలో వేసే మందు రక్తంలో కాల్షియాన్ని లాగేసుకుంటుంది. దానికి ఒంటి వేడి కూడా తోడైతే ఆ జంట విడిపోతుంది. విడిపోయిన ముక్కలను యాంటీబాడీ గుర్తుపట్టదు.

"తాతగారూ, పాపకి మళ్లీ ఒక్క సూది."

పిల్ల మూతి ముడిచింది. "నీకో?"

"నేనూ పొడిపించుకుంటాలే తల్లీ."

ఈసారి పిల్ల రక్తపు గొట్టం బల్ల మీదే ఉంది. చుక్కలక్క గొట్టం తాతగారి చంకలోకి వెళ్లింది. ఉదయం కూర్చున్నంతసేపూ ఆయన మళ్లీ కదలకుండా కూర్చున్నాడు. దురద పుడితే మనవరాలే గోకింది. డాక్టరుగారు తొంగిచూసి, "ఏం జరుగుతోందక్కా?" అన్నారు.

"పరీక్షేనండీ. తాతగారి చంక మీద."

ఈసారి చుక్కలక్క కళ్లు కాస్త ఎక్కువసేపు మూసుకుంది. తెర మీద పిల్ల రక్తం తారాజువ్వలా వెలిగింది. చుక్కలక్కది చీకటి.

డాక్టరుగారు పిల్ల గోళ్ల వంక, ముక్కు వంక చూసి, "వేలెక్కడ పెడుతున్నావే నువ్వు?" అని అడిగారు. పిల్ల చెయ్యి వెనక్కి దాచుకుంది. ముక్కు లోపల గీరుకుపోయిన చోటు దొరికింది.

కబురు విన్నాక తాతగారు కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. వెళ్తూ వెళ్తూ వెనక్కి వచ్చాడు.

"మా పిల్లది వెలిగింది సరే. మీది ఆరిపోయిందన్నారు. మీకేం కాదు కదా తల్లీ?"

కాదంటే నమ్మలేదు. పాలు మిగిలిన సీసా ఆవిడ చేతిలో పెట్టి, "వెచ్చగానే ఉన్నాయి, తాగెయ్" అన్నాడు. ఆయన కళ్లముందే తాగింది చుక్కలక్క.