బుట్టలోది

బాగున్నారా అందరూ? పోయినసారి మోకాళ్ల నొప్పులని చెప్పిన అక్కలకు తగ్గిందా? పిల్లలకు దగ్గులు పోయాయా? ఆవులు ఈనినవాళ్లున్నారే, అవి మేత సరిగ్గా మేస్తున్నాయా? అడగకపోతే నాకు అన్నం సహించదు...

మా చిన్నప్పుడు... తెల్లదొరలు ఇంకా ఉన్న రోజులు... కోడుమూరు పక్కన మా ఊళ్లో మా ఎర్రావు తొలిచూలు ఈనింది. పాలు బాగా దిగాలని మా అవ్వ పత్తిగింజలు నానబెట్టి రుబ్బి, చెనక్కాయ చెక్క, తవుడు, బెల్లం కలిపి కుడితి పెట్టేది. చివర్లో రెండు గుప్పిళ్లు ఉప్పు.

దీపం పెట్టాక మా ఇంట్లో ఉప్పు పేరెత్తకూడదు... "బుట్టలోది" అనాలి.

ఆ సాయంత్రం దీపం పెట్టాక పక్కింటి సుంకమ్మత్త జున్నుపాలకని వచ్చింది. "ఏం పొదుగత్తా ఇది! కడవ బోర్లించినట్టుండాది" అని నవ్వింది.

"నీ కండ్లు రోంత పక్కన పెట్టమ్మా తల్లీ" అని అవ్వా నవ్వింది. నా వైపు తిరిగి, "పాపా, కుడితిలోకి బుట్టలోది రెండు గుప్పిళ్లు ఎయ్ పో" అంది.

వాన చెమ్మకు కరుగుతోందని అమ్మ ఆ పొద్దే ఉప్పును జాడీలోకి మార్చింది. నాకు తెలియదు. ఖాళీ అయిన ఆ మూల బుట్టలో అమ్మ పోసిపెట్టిన తెల్లటి పొడి ఉంది... గోడలకు వేయడానికి తెచ్చిన సున్నం. ఉప్పు గల్లుల్లా గరుగ్గా లేదే అనిపించింది. కానీ "ఇది ఉప్పేనా అవ్వా" అని అడగాలంటే ఆ మాట అనాలి కదా... భయపడి వేసి కలిపేశాను. వేళ్లు మండాయి.

తెల్లారేసరికి ఆవు నోటి నిండా పొక్కులు. మేత ముట్టలేదు. మూడోరోజు పడుకున్నది మళ్లీ లేవలేదు.

"ఆ సుంకి కండ్లే తినింటాయి నా ఆవును!" అని అవ్వ వీధిలో దుమ్మెత్తి పోసింది.

"నేనేమంటి అత్తా... శానా బాగుండాది అంటి గదా" అని సుంకమ్మత్త ఏడ్చింది. వేళ్ల మంట గుర్తున్నా, నేను అమ్మ కొంగు వెనక నిలబడి బుట్ట సంగతి చెప్పలేదు.

తర్వాత ఎవరింట ఆవు ఈనినా, ఆమె వస్తోందంటే కొట్టం తడిక మూసేవాళ్లు. ఆమె మాత్రం నేను కనబడితే "బువ్వ తింటివా పాపా" అనేది... ఆ మాటే ఇప్పటికీ చెవిలో వినబడుతుంది.

ఇప్పుడు దాణా సంచుల మీద ఏది ఎంత కలపాలో అచ్చేసి ఉంటోంది. దీపాలు పెట్టాక కూడా ఉప్పును ఉప్పనే అంటున్నారు. మంచిదే... అడగాల్సిన మాట అడగక, చెప్పాల్సిన మాట చెప్పక ఒక మనిషిని ముంచినవాళ్లు మీలో ఎవరైనా ఉంటే పోయి చెప్పేయండమ్మా...

సుంకమ్మత్త పోయింది. కూతురు లచ్చుమ్మ కోడుమూరులోనే ఉంది. ఫోను చేసి వస్తానన్నాను. "దా అక్కా, ఏం పనుండాదో?" అంది. వచ్చి చెప్తానన్నాను.

వచ్చే బేస్తవారం, పొద్దున మొదటి బస్సుకు.