కొంగులో శనగచెక్క

చాంద్ బేగం ఎనుమును చూసి మెచ్చుకోని వాళ్లు ఆ వీధిలో లేరు. మైదుకూరు దాపున చిన్న ఊరది. మొగుడు పోయాక ఆ ఒక్క బర్రె పాలమ్ముకుంటూ సంసారం ఈదుకొచ్చిన మనిషి. తను పస్తయినా ఉంటుంది గానీ ఎనుముకు మేత తక్కువ చేయదు. ఆ మాట నలుగురూ అంటుంటే వినడం ఆమెకు మహా ఇష్టం. చిక్కంతా ఆ ఇష్టంతోనే వచ్చింది.

పశువైద్యం చదివే శివజ్యోతి ఒక పరిశోధన కోసం ఆ ఊరికొచ్చింది. తిన్న మేత సరిగా అరక్కపోతే పశువు కడుపులో గ్యాసు ఎక్కువ ఊరి, త్రేన్పుల్లో బయటికొచ్చి గాలిలో కలిసి భూమిని వేడెక్కిస్తుందట. ఏ మేతకు ఎంత గ్యాసో తేల్చడం ఆ పిల్ల పని. కొన్ని ఎనుములకు జొన్నసొప్పతో పాటు నూనె తీయగా మిగిలిన శనగచెక్క, కొన్నింటికి ఒట్టి సొప్ప. చీటీ వేస్తే చాంద్ బేగం ఎనుముకు ఒట్టి సొప్ప వచ్చింది.

"అట్లే పెడ్తాలే బిడ్డా" అని మాటిచ్చింది. కానీ పక్కింటి ఎనుము కమ్మగా చెక్క తింటుంటే, తన ఎనుము ఎండు సొప్ప నమలడం చూసి ఆమెకు తల కొట్టేసినట్టయింది. సాయంత్రం ఆ పిల్ల బస్సెక్కగానే, నానబెట్టిన చెక్క కొంగులో దాచి తెచ్చి ఎనుము నోటికి అందించేది. రోజూ ఇదే తంతు.

శివజ్యోతి ఎనుము ముక్కు దగ్గర మిషన్ పెట్టి చూస్తే, చెక్క తినే ఎనుముల్లాగే గ్యాసు తక్కువే వస్తోంది.

"పెద్దమ్మా, వేరే ఏమన్నా పెడ్తాండావా?"

"లేదమ్మా. సొప్ప సన్నంగా నరికి పెడ్తాండా, అంతే."

పాపం, ఆ పిల్ల నమ్మింది. సంబరంగా ఊళ్లోవాళ్లను చాంద్ బేగం దొడ్లోకి పిలిచి, సొప్ప ఇట్లా నరికి పెడితే చాలు, చెక్క కొనే పనే లేదని చెప్పసాగింది. వీళ్లంతా చెక్క మానేస్తే ఎనుముల పాలు ఏమైపోతాయో చాంద్ బేగానికి తెలుసు. అయినా తలొంచుకుని కొంగు సర్దుకుంది.

చూపిద్దామని శివజ్యోతి నరికిన సొప్ప ఎనుము ముందు వేసింది. ఎనుము దాన్ని పక్కకు నెట్టి, పలుపు సాగినంత మేర వచ్చి, చాంద్ బేగం కొంగులో మూతి దూర్చింది. ఆరోజు కొంగులో ఏమీ లేదు. అయినా చెక్క మరకలున్న ఆ గుడ్డను నాకుతూనే ఉంది.

జనం పకపకా నవ్వారు. శివజ్యోతి నవ్వలేదు.

"ఎప్పటి నుంచి పెద్దమ్మా?"

"మొదటి దినం నుంచే." చాంద్ బేగం సిగ్గుతో చచ్చిపోయింది. "ఒట్టి సొప్ప మేపుతాండాదని అంటారని నామోషీ అయింది బిడ్డా."

"నా కష్టమంతా మట్టిలో కలిసింది" అంది ఆ పిల్ల, గొంతు పెంచకుండానే. తిట్టినా బాగుండేది.

మరునాడు చాంద్ బేగం తనే పోయి శివజ్యోతి దిగే బస్సు దగ్గర నిలబడింది. "మళ్లా మొదలుపెట్టు బిడ్డా. ఈసారి అల్లా మీద ఆన."

ఇప్పుడు ఎనుము ఒట్టి సొప్పే తింటోంది. వీధిలోవాళ్లు ఏమన్నా ఆమె పట్టించుకోవడం లేదు. సాయంత్రమయ్యేసరికి మాత్రం ఎనుము ఆశగా వచ్చి కొంగంతా వెతుకుతుంది. చాంద్ బేగం దాని ముఖం చూడలేక గోడవైపు తిరిగి నిలబడుతుంది.