బాడీ మార్చాలా, లెన్సు మార్చాలా

ఆ రోజుల్లో ఫోటో అంటే తీసిన వెంటనే కనపడేది కాదు. రీల్లో ముప్పై ఆరు ఫోటోలూ అయిపోవాలి, దాన్ని చిన్న డబ్బాలో పెట్టి బస్సులో నెల్లూరు కలర్ ల్యాబుకి పంపాలి, వాళ్ళు కడిగి ప్రింట్లు వేసి తిరిగి పంపాలి. ఈలోపు పెళ్ళికూతురు అత్తగారింటికి పోయి, అక్కడ అలిగి, పుట్టింటికి తిరిగొచ్చిన సందర్భాలు కూడా ఉన్నాయి. చేసిన తప్పు వారం తర్వాతగానీ మనకి తెలియని పని అది. ఇప్పుడు నా ఫోనే మనిషి ముఖం ఎక్కడుందో వెతుక్కుని, చుట్టూ గడి గీసుకుని, తనంతట తనే తీసేస్తోంది. నేను పట్టుకుని నిలబడితే చాలు. (ఈమధ్య మోకాళ్ళు దానికీ ఒప్పుకోవడం లేదు.) ఈ సుఖం చూసినప్పుడల్లా నాకు ఆత్మకూరులో గడిపిన ఒక సంవత్సరం గుర్తొస్తుంది. గుర్తొస్తే కూర్చున్నచోటే అలసట వస్తుంది.

ఆత్మకూరు బస్టాండుకి ఎదురుసందులో మా బావకి స్టూడియో ఉండేది. బావంటే మా అక్క భర్త. డిగ్రీ తప్పి ఇంట్లో పడున్న నన్ను మా నాయన ఆయన దగ్గరికి తీసుకొచ్చి, "వీడికి ఏదో ఒక పని నేర్పించయ్యా, చెయ్యి ఊరికే ఉంటే నోరు పెరగతా ఉండాది" అని ఒప్పజెప్పి, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. రెండేళ్ళలో పని ఇలా పంచుకున్నాం: స్టూడియోలో స్టాండు కెమెరాతో తీసే పాస్‌పోర్టు ఫోటోలు, డార్క్‌రూము, గిరాకీలతో మాట్లాడటం బావది. పెళ్ళిళ్ళు, పుట్టువెంట్రుకలు, చర్చి పండగలు, రిటైర్మెంట్ సభలు నావి. అనుమసముద్రంపేట నుంచి కలువాయి దాకా, ఇటు ఉదయగిరి దాకా, కెమెరా సంచీ భుజాన వేసుకుని బస్సుల్లో వేలాడేది నేనే. ఆ సంచీలో ఉన్నది ఒకే ఒక్క కెమెరా, దానికి ఒకే ఒక్క లెన్సు. రెండూ బావ మద్రాసులో ఎవరి దగ్గరో కొన్నవి. అప్పటికే అవి ఎన్ని పెళ్ళిళ్ళు చేసొచ్చాయో తెలీదు.

నేను తీసిన ఫోటోల్లో ఒక జబ్బు ఉండేది. పది తీస్తే నాలుగు మసకగా వచ్చేవి. పెళ్ళికొడుకు ముఖం మసగ్గా ఉండి, వాడి వెనక షామియానా గుంజ మాత్రం చెక్కినట్టు పడేది. చిన్న ప్రింట్లలో అది అంతగా తెలిసేది కాదు గనక బండి నడిచిపోయేది. కానీ మాకు తెలుసు. బావేమో లోపం లెన్సుదన్నాడు. "అంచున బూజు పట్టింది చూడు. కెమెరాకి కన్ను అదే గదరా. బాడీదేముంది, డబ్బా!" అనేవాడు. నేను మాత్రం లోపం బాడీదే, అంటే లెన్సు ఊడదీస్తే మిగిలే కెమెరాదేనని పంతం పట్టాను. నిజం చెప్పాలంటే నా పంతానికి మూలం ఉదయగిరిలో ఉంది. అక్కడ మాకు పోటీగా ఒకాయన ఉండేవాడు. మేం ఆయన్ని జుయ్ మామ అనేవాళ్ళం. ఆయన కొత్త కెమెరాలో బటన్ నొక్కితే చాలు, రీలు దానంతట అదే 'జుయ్' మని ముందుకి జరిగేది. ఆ చప్పుడుకి మండపంలో జనమంతా తలతిప్పి చూసేవాళ్ళు. నేను మాత్రం ఒక్కో ఫోటోకి బొటనవేలితో 'కిర్ర్' మని లివరు తిప్పుకోవాలి. ఒక పెళ్ళిలో ఒక ముసలాయన, "ఏంది నాయనా, నీది ఇంకా చేత్తో తిప్పే మిషనేనా?" అని జాలిపడ్డాడు. ఆ రోజు నుంచి నా మనసు మనసులో లేదు.

ఉన్న డబ్బుకి ఏదో ఒకటే వస్తుంది. బాడీయా, లెన్సా? ఈ గొడవ మా ఇంట్లో ఏడాదిపాటు తిన్నగా నడిచింది. పొద్దున ఇడ్లీ దగ్గర మొదలయ్యేది. మధ్యాహ్నం చారన్నంలో ఆగి మజ్జిగలో మళ్ళీ మొదలయ్యేది. పక్కనున్న టైలరు బాడీ పక్షం, ఎదురుగా ఉన్న టీ కొట్టాయన లెన్సు పక్షం. (ఇద్దరికీ కెమెరా పట్టుకోవడం రాదు.) ఒకరోజు అక్క గిన్నె ఠంగుమని కింద పెట్టి, "బాడీ వద్దు, లెన్సూ వద్దు, మీ ఇద్దరికీ మెదడు మార్పిద్దాం. అది యాడ దొరకతాదో కనుక్కోండి ముందు" అంది. రెండు రోజులు నిశ్శబ్దంగా ఉండి, మూడోరోజు మళ్ళీ మొదలుపెట్టాం.

అలా ఉండగా ఉదయగిరి నుంచి టీచరమ్మ వచ్చింది. ఆమె అక్కడి మిషను బడిలో టీచరు. అంతకు మూడు నెలల ముందే వాళ్ళ అమ్మాయి పెళ్ళి చర్చిలో జరిగితే నేనే ఫోటోలు తీశాను. ఇప్పుడు ఆ పెళ్ళికూతురు కూడా వెంట వచ్చింది. వాళ్ళ అవ్వ పోయిందట. ఇల్లంతా వెతికినా అవ్వ ఫోటో ఇంకొకటి లేదట. పెళ్ళి గ్రూపు ఫోటోలో ముందువరసలో కూర్చున్న అవ్వని ఒక్కదాన్నే విడదీసి, పెద్దది చేసి, ఫ్రేము కట్టివ్వమన్నారు. నెగెటివ్ నెల్లూరు పంపాం. వారానికి పెద్ద ప్రింటు వచ్చింది. కవరు తీసి చూసి బావ కుర్చీలో కూర్చుండిపోయాడు. చిన్న ఫోటోలో దాక్కున్న మసకంతా పెద్దదానిలో బయటపడింది. ఆవిరి పట్టిన అద్దంలో ఎవరో తెల్లచీర మనిషి కూర్చున్నట్టుంది, అంతే.

చెప్పిన రోజుకి తల్లీకూతుళ్ళు వచ్చారు. ఆ పిల్ల ఫోటో రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూసింది. కోప్పడినా బాగుండేది. మెల్లగా, "అన్నా, మా అవ్వ ముక్కుపుడక ఏదన్నా?" అని అడిగింది. టీచరమ్మ ఆ పిల్ల భుజం మీద చెయ్యేసి, "పోనీలే తల్లీ. మనకి గుర్తుండాది గదా ముఖం" అని, నమస్కారం పెట్టి మరీ బయల్దేరింది. వాళ్ళు సందు దాటారు. తర్వాత బావ, "లెన్సురా" అన్నాడు. "బాడీ బావా" అన్నాను. ఇద్దరి గొంతుల్లోనూ పస లేదు. చివరికి, తిరిగేది నేను గనక నా మాటే చెల్లనిమ్మని అక్క తీర్పు చెప్పింది.

నెల్లూరు షాపువాళ్ళతో మాట్లాడటానికి ఎస్టీడీ బూతుకి పోయాను. లైను సరిగ్గా లేదు, అరవాల్సి వచ్చింది. "బాడీ వచ్చిందా సార్?... ఇంకా మద్రాసులోనే ఉందా?... ఎప్పుడు తెస్తారు?... పాత బాడీని ఏం చేయమంటారు?... పైన గీతలు పడినాయి గానీ లోపలంతా బాగానే ఉంది సార్!" ఫోను పెట్టి బయటికి వస్తే, వరసలో నిలబడ్డ నలుగురూ చేతులు కట్టుకుని దారి ఇచ్చారు. ఒక పెద్దామె కొంగు నోటికడ్డం పెట్టుకుని, "ఎవురు నాయనా పోయింది? ఇద్దరా?" అంది. ఎవరూ పోలేదని చెప్పేసరికి, "అట్టనే అనుకోవాల నాయనా, ధైర్యంగా ఉండాల" అని కళ్ళు తుడుచుకుంది. నాకు వివరించే ఓపిక లేకపోయింది. తల ఊపి వచ్చేశాను.

బాడీ వచ్చింది. నల్లగా మెరుస్తూ, నొక్కితే జుయ్ మంటూ, జుయ్ మామ దానికంటే ఒక పిసరు గట్టిగానే మోగింది. నేను ఒక రీలంతా ఊళ్ళో తిరిగి తీశాను: అక్కని, టైలరుని, బస్టాండుని. ప్రింట్లు వచ్చాయి. పదికి నాలుగు మసక. అక్క మసగ్గా ఉంది, అక్క వెనక ఆరేసిన దుప్పటి మీద పువ్వులు లెక్కపెట్టుకోవచ్చు. బావ ఫోటోలన్నీ ఒక్కొక్కటే చూసి, సర్ది, కవర్లో పెట్టి, లోపలికి పోయి పని చేసుకున్నాడు. అంతకంటే నన్ను చెంపమీద కొట్టినా తట్టుకునేవాణ్ణి.

ఆ నెలలోనే హైస్కూల్లో ఉచిత కంటి శిబిరం పెట్టారు. ఫోటోలకి నన్ను పిలిచారు. ఆపరేషన్ అయి కంటికి పచ్చగుడ్డ కట్టుకున్న ముసలివాళ్ళని బెంచీల మీద వరసగా కూర్చోబెట్టారు. వెనక గోడకి పెద్ద బ్యానరు. డాక్టరమ్మ నా పక్కనే నిలబడి, "బ్యానరు మొత్తం పడాలి బాబూ. కింద చివర రాసిన ఊరి పేరు కూడా పడుతుందా?" అంది.

"చివర ఊరి పేరుందా అమ్మా?" అన్నాను.

"అంత అక్షరాలతో ఉంటే! చదువు."

"ఇంత దూరం నుంచి ఎవరికి కనపడతాయమ్మా?" అన్నాను. అది తెలివితక్కువ ప్రశ్న అనే అనుమానం కూడా నాకు రాలేదు. నా లెక్కలో లోకమంతా అలాగే చూస్తోంది.

డాక్టరమ్మ నన్నొకసారి చూసి, నా వెనక వరసలో నిలబడ్డ, ఒక కంటికి కట్టున్న పెద్దాయన్ని అడిగింది: "తాతా, ఆ బ్యానరు మీద నీకేం కనపడుతోంది?"

"నాకు చదువు రాదు గదమ్మా. బొమ్మ ఒకటి ఉండాది. కన్ను బొమ్మ. రెప్పలకి ఎంటికలు కూడా గీసినారు."

నేను అప్పటిదాకా అది చేప అనుకుంటున్నాను. (సోమశిల డ్యాములో చేపలు పట్టేవాళ్ళెవరో చందా ఇచ్చుంటారని కూడా ఊహించుకున్నాను.)

"కెమెరా కింద పెట్టి ఇటు రా బాబూ" అంది డాక్టరమ్మ. ఫోటో తీయడానికి వచ్చినవాణ్ణి పోయి కంటి పరీక్ష వరసలో కూర్చున్నాను. పక్కనున్న తాత నా మోకాలి మీద చెయ్యేసి, "భయపడబాక, నొప్పి ఉండదు" అన్నాడు.

దూరపు చూపు లేదట. ఎప్పట్నుంచో లేదట. దగ్గరివి బాగానే కనపడేవి గనక నాకు తెలియలేదు. బస్సు నంబరు ఎప్పుడూ పక్కవాణ్ణి అడిగేవాణ్ణి, అందరూ అలాగే అడుగుతారనుకునేవాణ్ణి. కెమెరా కంటికి ఆనించి చూసినా దూరం దూరమేనట. అందుకే ఫోకస్ తిప్పుతూ, ముఖం స్పష్టంగా వచ్చిందని నేను ఆపిన చోటు అసలు చోటు కాదన్నమాట. కళ్ళజోడు వచ్చిన రోజు పెట్టుకుని స్టూడియోకి పోయాను. బావ పైకీ కిందికీ చూశాడు. ఏడాది గొడవకి ఎంత మాట అన్నా పడాల్సిందే అని సిద్ధంగా నిలబడ్డాను. ఆయన, "నేను మొదట్నుంచీ చెప్తానే ఉండా గదరా, లెన్సు మార్చాలని" అని, మళ్ళీ పనిలో పడ్డాడు. ఇంటికి పోయి చూస్తే అక్క నెత్తిన తెల్లవెంట్రుకలు ఉన్నాయి. అవి ఎప్పుడు వచ్చాయో నాకు తెలీదు.

ఆ తర్వాత నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు. టీచరమ్మ ఇంటి పెళ్ళి నెగెటివ్‌లన్నీ తీసి, పగటి వెలుగులో ఒక్కొక్కటే భూతద్దం పెట్టి వెతికాను. అవ్వ ముందువరసలో ఉన్నవన్నీ మసకే. కానీ భోజనాల దగ్గర నేను తీసి, మసక అని ఆల్బంలో పెట్టకుండా వదిలేసిన ఒకదానిలో, తినేవాళ్ళ ముఖాలన్నీ పొగమంచులో కలిసిపోయి, వాళ్ళ వెనక ఎవరో నిలబడి ఉన్నారు. అవ్వే! నేను గురి పెట్టిన మనుషుల్ని దాటి ఫోకస్ పోయి ఆమె మీద పడింది. ఒక చేత్తో గరిటె పట్టుకుని, ఎవర్నో తిట్టబోయి నవ్వేసినట్టుంది. ముక్కుపుడక మీద వెలుగు కూడా పడింది. బావకి చూపించాను. చాలాసేపు చూసి, "ఇది నువ్వు తియ్యలేదురా, నీ తప్పు తీసింది" అన్నాడు. ఆయనే నెల్లూరు పోయి, దగ్గరుండి పెద్దది చేయించుకొచ్చాడు.

ఉదయగిరిలో టీచరమ్మ ఫోటో అందుకుని, గోడకి ఆనించి పెట్టి, ఎదురుగా నేలమీద కూర్చుంది. ఆ పిల్ల మాత్రం ఫక్కున నవ్వి, "అమ్మా, ఇది పప్పు తక్కువేసినాడని అవ్వ పెద్దమామని తిట్టినప్పటిదే!" అంది. నవ్వుతూనే ఏడ్చేసింది. నాకు కాఫీ ఇచ్చారు. వెళ్ళొస్తానని చెప్పి లేస్తుంటే టీచరమ్మ, "మళ్ళీ రా నాయనా" అంది, నేనేదో ఘనకార్యం చేసినట్టు.

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఉదయగిరి కొండ నాకు ఎప్పుడూ ఒక నీలం ముద్దలాగే కనపడేది. ఆ రోజు రాళ్ళు కనపడ్డాయి, రాళ్ళ మధ్య చెట్లు, చెట్లకి కొమ్మలు. దారిలో వచ్చిన ప్రతి బోర్డూ నాకు తెలియకుండానే పైకి చదివేస్తున్నాను: "ఎరువులు, పురుగుమందులు... ఇచ్చట సైకిళ్ళు బాగుచేయబడును... ఆత్మకూరు, ఇరవై..." పక్కన కూర్చున్న రైతు చాలాసేపు విని, మెచ్చుకోలుగా అడిగాడు, "ఏం నాయనా, రాత్రి బడికి పోతుండావా?" ఊళ్ళన్నిట్లో పెద్దవాళ్ళకి చదువు చెప్పే రోజులవి. కాదని చెబుదామనుకున్నాను గానీ, ఆ ఏడాదంతా వాదించి వాదించి నాకు కాదనే ఓపిక అయిపోయింది.

"అవును పెద్దాయనా, ఈ మధ్యనే చేరినాను" అన్నాను.

"మంచిపని చేసినావు. సిగ్గుపడబాక, గట్టిగానే చదువు" అన్నాడు. ఆత్మకూరు వచ్చేదాకా, ఇరవై మూడేళ్ళవాణ్ణి, కళ్ళజోడు జారిపోతుంటే పైకి తోసుకుంటూ, ఆయన కోసం గట్టిగానే చదివాను.