ఎడమకు పేనిన తాళ్ళు

తర్వాతి కాలంలో కు ఓక్‌బున్ ఎన్నో దేశాల్లో పసిబిడ్డల చావులు లెక్కగట్టింది. ఎక్కడికెళ్ళినా, జనన మరణాల పుస్తకం తెరవకముందే అడిగే మాట ఒకటే: "మీ దగ్గర బిడ్డ పేరు ఎన్నో రోజున రాయిస్తారు?" ఆ మాట వెనక ఒక కోపం ఉంది. అది చొల్లా కొండల్లో, ఆమె పుట్టిన లోయలోనే రాజుకుంది.

అప్పటికామెకు ఇరవై ఆరేళ్ళు. పసిబిడ్డలు ఎక్కువగా పోతున్న చోట ఆరోగ్య కేంద్రం పెడతామని పైనుంచి కబురొచ్చింది. లెక్క తేల్చే పని ఆమెది. ఆఫీసు పుస్తకంలో నిరుడు పోయింది ఒక్క బిడ్డే. అంటే కేంద్రం రాదు.

ఓక్‌బున్ నమ్మలేదు. నూరో రోజు పండగ దాటితేగాని లోయలో ఎవరూ బిడ్డ పేరు రాయించరు. ఈలోగా పోయిన బిడ్డ, పుస్తకం వరకు, పుట్టనూ లేదు, పోనూ లేదు. ఇంటింటికీ వెళ్ళి అడిగితే తల్లులు తలదించుకున్నారు. ఒకామె మాత్రం ఉడికిన చిలగడదుంప చేతిలో పెట్టి పంపింది.

ఆ దుంప పట్టుకుని ప్యో తాత అరుగు మీద కూలబడింది. పురుడొచ్చిన ఇంటికి చెడు సోకకుండా గుమ్మానికి కట్టే గడ్డితాడును ఎడమకు పేని, మగబిడ్డయితే ఎండుమిర్చి, ఆడపిల్లయితే బొగ్గు గుచ్చి ఇచ్చేది ఆయనే.

"నిరుడు ఎన్ని పేనావు తాతా?"

"నలభై ఒకటి. ఏ గుమ్మానికి ఏది కట్టానో కూడా చెబుతా. మతిమరుపు మీ పుస్తకానికి అమ్మాయీ, నాకు కాదు."

నూరో రోజు పంచే తెల్లరొట్టెకు పిండి పట్టే మిల్లావిడ, ఆ నలభై ఒకటిలో పిండి పట్టించుకున్న ముప్పై మూడు ఇళ్ళ పేర్లు చెప్పింది. మిగిలిన ఎనిమిది గుమ్మాలకూ ఓక్‌బున్ తాతను వెంటబెట్టుకు వెళ్ళింది. తాడు కట్టిన మనిషి ఎదురుగా నిలబడేసరికి తల్లులు దాచలేకపోయారు.

ఆమె రాసుకొచ్చిన కాగితాన్ని ఆఫీసరు పక్కకు నెట్టాడు. "నూరు రోజులు నిండనిది ఇంకా మనిషి లెక్కేంటమ్మా? ఒకటని సంతకం పెట్టు. పైవాళ్ళ ముందు మన పరువేం కాను?"

ఓక్‌బున్ ఒళ్ళు మండిపోయింది. గొంతు మాత్రం పెంచలేదు.

"ఆ ఎనిమిది మంది తల్లులకీ పాలు పడ్డాయండీ. తాగే నోరు లేక పిండి పారబోసుకున్నారు. మీ పరువు కోసం ఆ పాలు కూడా కొట్టేయమంటారా?"

పుస్తకంలోని ఒకటికి తోడు ఇంకో ఎనిమిదని రాసి, ఏ గుమ్మానికి మిరప, ఏ గుమ్మానికి బొగ్గు అన్నదీ కింద రాసి, నేరుగా పైకి పంపేసింది. ఆమె ఉద్యోగం పోయింది. ఆరోగ్య కేంద్రం వచ్చింది.

ప్రారంభం రోజున ఆఫీసరు రిబ్బను కత్తిరించి, అంతా తన చలవేనని చెప్పుకున్నాడు. ఓక్‌బున్ చప్పట్లు కొట్టలేదు. జనం పలచబడ్డాక ప్యో తాత వచ్చి, కొత్త గుమ్మానికి ఎడమకు పేనిన తాడొకటి కట్టాడు. దానికి ఐదు మిరపకాయలు, మూడు బొగ్గుముక్కలు ఉన్నాయి.