ఎండని మిరపకాయలు

అద్దంకి అనీసా మాల్దీవుల్లో ఒక చిన్న దీవి బడిలో సైన్సు చెబుతుంది. సెలవు రోజున పడవెక్కి ఏదో ఒక కొత్త దీవి చూసి రావడం, అక్కడి గవ్వనో ఆకునో మర్నాడు పిల్లల ముందు పెట్టడం ఆమెకు అలవాటు. బిస్మిల్లా అనుకోకుండా ఏ పాఠమూ మొదలుపెట్టదు. ఆ వారం నీరు ఆవిరయ్యే పాఠం. పండు మిరపకాయలు బడి మిద్దె మీద పరిచి, "వారం తిరిగేసరికి గలగలమంటాయి, చూడండి" అని పిల్లలకు మాటిచ్చింది. తమ ఊళ్లో కల్లంలో వదిలేసినట్టే రాత్రిళ్లూ అక్కడే వదిలేసింది. అవి కాస్తా బూజు పట్టాయి.

చీరాల నుంచి వచ్చిన లెక్కల మాస్టారు శివనాగరాజు పకపకా నవ్వాడు. "మిరపకాయలే ఎండబెట్టలేకపోతే మనవైపు పరువేం కానండీ మేడమ్? నా డబ్బాలో ఎండువి ఉన్నాయి, మార్చేయండి. పిల్లలకేం తెలుసుద్ది?"

"అప్పుడిక నేను చెప్పేది సైన్సెట్లా అవుద్దండీ?"

బూజు పట్టిన కాయల్నే తరగతిలో పెట్టింది. "మా ఊరి ఎండనే నమ్ముకున్నాను. తప్పు నాదే. ఎందుకు ఎండలేదంటారు?" అని అడిగింది. ఏనాడూ నోరు విప్పని జాలరి పిల్ల మెల్లగా లేచింది. "పొద్దుగూకితే ఇక్కడ గాలికి చెమ్మ పడుతుంది టీచర్. మా అమ్మ చేపల్ని చీకటి పడకముందే లోపలికి తెచ్చేస్తుంది."

అనీసా సుద్దముక్క ఆ పిల్ల చేతికిచ్చి, వెళ్లి ఆ పిల్ల చోటులో కూర్చుంది.